హోమ్‌బ్రూ హ్యామ్ రేడియో: ముందు రిసీవరు, ఆ తరువాతే ట్రాన్స్‌మిటరు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఎలక్ట్రానిక్స్ చదువుతూ సాల్డరింగ్ కొంత వచ్చినవారు హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సుతో హాబీగా నడిపే రేడియోలో, 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడగల సెట్టును ఇంట్లోనే కట్టుకోగలరా (దీన్నే హోమ్‌బ్రూ అంటాం), కిట్టు కొనాలా లేక విడి భాగాలతో మొదలుపెట్టాలా, ఖరీదైన కొలత పరికరాలు లేకుండా ఖమ్మంలో ఒంటరిగా ఇది సాధ్యమేనా అని. వరంగల్‌లో ఉంటూ, నా సెట్లలో ఎక్కువ భాగం నేనే కట్టుకుని వాడుతున్నాను కనుక ధైర్యంగా చెప్పగలను: తప్పకుండా సాధ్యమే. అయితే దీన్ని ఒంటరిగా చేయవలసిన పని లేదు.

ముందుగా లైసెన్సు సంగతి. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఇచ్చే లైసెన్సు చేతికి వచ్చేవరకు ఏ ట్రాన్స్‌మిటరునూ యాంటెన్నాకు కలపకండి. అందుకు ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష ఉత్తీర్ణులు కావాలి, 12 ఏళ్లు నిండితే ఎవరైనా రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి వీయూ3తో, జనరల్ గ్రేడు వారికి వీయూ2తో కాల్‌సైన్, అంటే గాలిలో వాడే గుర్తింపు పేరు, మొదలవుతుంది. 1983 నుంచి హైదరాబాదులో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో ఎందరికో శిక్షణ ఇచ్చింది. పరీక్షకు చదువుతున్న నెలలే రిసీవరు కట్టుకోవడానికి సరైన సమయం.

కిట్టా, విడి భాగాలా అన్నదానికి నా సమాధానం మొదటి మెట్టుగా డైరెక్ట్ కన్వర్షన్ రిసీవరును విడి భాగాలతో కట్టమని. యాంటెన్నా నుంచి వచ్చిన సంకేతాన్ని ఆసిలేటరుతో కలిపి నేరుగా ఆడియోగా మార్చే ఈ రిసీవరులో నాలుగే దశలుంటాయి: బ్యాండ్‌పాస్ ఫిల్టరు, మిక్సరు, ఆసిలేటరు, ఆడియో ఆంప్లిఫయరు. మిక్సరుకు నేను ఎప్పుడూ సిఫారసు చేసేది సోవియట్ హ్యామ్ వ్లదిమీర్ పొల్యాకోవ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. రెండు 1ఎన్4148 డయోడ్లను ఒకదానికొకటి ఎదురు దిశలో సమాంతరంగా పెడితే చాలు, ఆసిలేటరు సగం ఫ్రీక్వెన్సీలో, అంటే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆసిలేటరును స్థిరంగా ఉంచడం సులభం, దాని సంకేతం యాంటెన్నాలోకి లీకై తిరిగి వచ్చి ఇబ్బంది పెట్టడమూ తగ్గుతుంది. ట్యూనింగుకు పాత పాకెట్ ట్రాన్సిస్టరు రేడియోలోని పీవీసీ గ్యాంగు (తిప్పి విలువ మార్చే కెపాసిటరు) సరిపోతుంది. ఆసిలేటరులోని కెపాసిటర్లు మాత్రం వేడికి విలువ మారని ఎన్‌పీ0 రకానివే కావాలి, మామూలు సిరామిక్ డిస్కులు వాడితే ఫ్యాను గాలి తగిలినా స్టేషను జారిపోతుంది.

కట్టే పద్ధతి విషయంలో నేను పట్టుదలగా చెప్పే మాట ఒకటుంది. పీసీబీ గీయడానికి తొందరపడకండి. రాగి పూత ఉన్న ఖాళీ బోర్డు తీసుకుని, ఆ రాగినే గ్రౌండుగా వాడుకుంటూ, దాని మీద అదే రకం బోర్డు నుంచి కోసిన చిన్న చిన్న ముక్కలను అంటించి వాటిపై భాగాలను సాల్డరు చేయండి. చూడడానికి అందంగా ఉండదు, కానీ ప్రతి బిందువూ మల్టీమీటరు ప్రోబుకు అందుతుంది, ఒక కెపాసిటరు మార్చాలంటే అర నిమిషం పని. స్పీకరు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కు కట్టుకుంటూ రండి. ఎల్‌ఎమ్386తో ఆడియో దశ కట్టాక దాని ఇన్‌పుట్‌ను వేలితో తాకితే స్పీకరులో గుర్రుమనే మోత రావాలి. అది వచ్చాకే దానికి ముందు దశగా ప్రీఆంప్లిఫయరు చేర్చాలి. ఆసిలేటరు పనిచేస్తున్నదీ లేనిదీ తెలియాలంటే పక్కన ఒక షార్ట్‌వేవ్ రేడియో పెట్టి 7 మెగాహెర్ట్జ్ చుట్టూ తిప్పి చూడండి. మీ ఆసిలేటరు రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వచ్చే సంకేతం) తగిలిన చోట రేడియోలోని బుసబుస ఒక్కసారిగా అణగిపోతుంది. ఒక దశ పనిచేస్తున్నదని రుజువయ్యేంతవరకు తరువాతి దశ జోలికి వెళ్లకపోవడమే ఈ పని మొత్తానికీ ప్రాణం. మొత్తం కట్టేసి స్విచ్చు వేసి మూగగా ఉన్న సెట్టు ముందు కూర్చున్నవారు చాలామంది ఈ హాబీనే వదిలేయడం నేను చూశాను, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. రిసీవరును 12 వోల్టుల బ్యాటరీతోనే నడపండి, ఎందుకంటే ఇందులో గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే పని, అంతా ఆడియో దగ్గరే ఉంటుంది కనుక మెయిన్స్ అడాప్టరు హమ్మును అది పట్టి పెద్దది చేస్తుంది.

రిసీవరు పలికాక, మాట్లాడే సెట్టుకు బిట్‌ఎక్స్ అనే డిజైను వైపు రండి. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ) రూపొందించిన ఈ డిజైను ప్రపంచమంతటా హోమ్‌బ్రూ హ్యాములకు తెలిసినది కావడం మన ప్రాంతానికి గర్వకారణమని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. మొదటి బిట్‌ఎక్స్20 సుమారు 6 వాట్ల ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, హ్యాములు మాటకు వాడే పద్ధతి) సెట్టు, 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు చేసినది. దానిలోని ఆలోచన ఎంత చక్కనిదంటే, మధ్య దశల ఆంప్లిఫయర్లు రెండు దిశలలోనూ పనిచేసేలా ఉంటాయి, కనుక వినేటప్పుడు ఒకవైపు నుంచి ప్రవహించే సంకేతం మాట్లాడేటప్పుడు అదే క్రిస్టల్ ఫిల్టరు గుండా ఎదురు దిశలో ప్రవహిస్తుంది. ఎస్‌ఎస్‌బీ సెట్టులో ఖరీదైనదీ కష్టమైనదీ ఆ ఫిల్టరే, దాన్ని బజారులో దొరికే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో కట్టుకుని రెండు పనులకూ వాడుకోవడం వల్ల సెట్టు ఖర్చూ శ్రమా బాగా తగ్గాయి. టోరాయిడ్ కోర్లు మన బజారులో దొరకవని, నల్లాలకు వాడే ప్లాస్టిక్ వాషర్ల మీద కాయిల్స్ చుట్టమని కూడా ఆ డిజైను చెప్పింది. తరువాత 2016లో 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు వచ్చిన బిట్‌ఎక్స్40, ఆ వెనుక వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ అమర్చిన బోర్డులుగా దొరికాయి, సర్క్యూట్లు మాత్రం అందరికీ తెరిచే ఉన్నాయి. అమర్చిన బోర్డు కొనడం తప్పు కాదు. కానీ రిసీవరు ఒక్కటైనా చేత్తో కట్టినవారికి ఆ బోర్డు అర్థమైనంతగా ఇతరులకు అర్థం కాదు.

కొలత పరికరాల గురించి మీరు పడుతున్న బెంగ నాకు తెలుసు. 1 కిలో ఓమ్, 1 వాట్ రెసిస్టర్లు 20 తీసుకుని సమాంతరంగా కలపండి. ట్రాన్స్‌మిటరును పరీక్షించేటప్పుడు యాంటెన్నాకు బదులు కలిపే 50 ఓముల డమ్మీ లోడు తయారవుతుంది, 20 వాట్ల వరకు తట్టుకుంటుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు మాత్రం వాడకండి, వాటికి ఇండక్టెన్స్ ఉంటుంది. దాని మీద ఒక డయోడు, ఒక చిన్న కెపాసిటరు పెట్టి మల్టీమీటరుతో పీక్ వోల్టేజీ చూడండి. ఆ వోల్టేజీని అదే సంఖ్యతో గుణించి 100తో భాగిస్తే వాట్లు వస్తాయి. 22 వోల్టులు చూపితే సుమారు 5 వాట్లు బయటికి వస్తున్నట్టు. చివరి దశలో వాడే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టరుకు బయాస్ (పని మొదలవడానికి ఇచ్చే వోల్టేజీ) ఇచ్చేటప్పుడు ప్రీసెట్‌ను, అంటే తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టరును, పూర్తిగా కిందికి తిప్పి ఉంచి, కరెంటు చూస్తూ నెమ్మదిగా పెంచండి, హీట్‌సింకు లేకుండా ఒక్క క్షణం కూడా నడపకండి. దాని తరువాత ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే లోపాస్ ఫిల్టరు తప్పనిసరి, అది లేకపోతే మీ హార్మోనిక్స్ ఇతరుల బ్యాండుల్లోకి వెళ్తాయి.

ఇక ఒంటరితనం మాట. నా బిట్‌ఎక్స్‌లో బ్యాలెన్స్‌డ్ మాడ్యులేటరు (మాటను మోసే క్యారియరు తరంగాన్ని అణచివేసే దశ) సర్దుతున్నప్పుడు క్యారియరు ఎంత మిగిలిందో చూడడానికి నా దగ్గర ఆసిలోస్కోపు కూడా లేదు. ఊళ్లోనే ఉన్న ఒక పెద్దాయన, నాకు గురువు లాంటివారు, తన రిసీవరు దగ్గర కూర్చుని ఫోనులో చెబుతుంటే, నేను మైకు ముందు మౌనంగా ఉండి 100 ఓముల ప్రీసెట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాను. “ఇంకొంచెం... తగ్గుతోంది... దాటిపోయావు, వెనక్కి రా నాయనా” అంటూ ఆయన ఓపికగా చెప్పారు. ఆ రోజు ఆయన చెవే నా కొలత పరికరం. సెట్టు గాలిలోకి వచ్చాక ఉదయం పూట 7 మెగాహెర్ట్జ్ నెట్‌లలో, అంటే హ్యాములు గాలిలో కలిసి మాట్లాడుకునే కూటముల్లో, చేరితే, మీ ఆడియో ముద్దగా ఉందనో, ఫ్రీక్వెన్సీ జారుతున్నదనో, దక్షిణాదిలోని ఏ మూల నుంచో ఎవరో ఒకరు నిజాయితీగా చెబుతారు. ఇంట్లో కట్టిన సెట్టు అని చెప్పగానే వారి గొంతులో వచ్చే ఆదరం మాటల్లో చెప్పలేనిది.

అందుకే భాగాలు కొనడానికి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లే రోజునే, బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌తో అనుబంధం ఉన్న హ్యాములను కూడా కలిసి రండి. ఫిల్టర్లను, యాంటెన్నాలను కొలిచే నానోవీఎన్‌ఏ వంటి పరికరం వారిలో ఎవరి దగ్గరైనా ఉంటుంది, మీ ఫిల్టరును వెంట తీసుకువెళితే అది ఏ ఫ్రీక్వెన్సీలను దాటనిస్తుందో చూపే వక్రరేఖను ఒక సాయంత్రంలో చూసుకోవచ్చు. ఏటా ఒక్కో నగరంలో జరిగే హ్యామ్‌ఫెస్ట్ ఇండియాకు కూడా వీలైతే వెళ్లండి, అక్కడ పాత భాగాలు తక్కువ ధరకు దొరుకుతాయి.

యాంటెన్నాకు ఎక్కువ ఆలోచన అక్కరలేదు. 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 20 మీటర్ల తీగ, అంటే మధ్య నుంచి ఒక్కోవైపు 10 మీటర్లు, మేడ మీద ఒక గొట్టానికి మధ్యభాగాన్ని ఎత్తి, రెండు కొసలనూ కిందికి వాల్చి కట్టండి. కరెంటు తీగలకు అది తెగిపడినా తగలనంత దూరంలో ఉండాలి. బ్యాండు నిండా మోత వినిపిస్తే రిసీవరును అనుమానించే ముందు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

ఆడియో దశ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే, ట్రాన్సిస్టర్ల మూడు కాళ్ల దగ్గర వోల్టేజీలు రాసి, బోర్డు ఫొటోతో ఇక్కడే అడగండి. వోల్టేజీలు ఉంటే లోపం ఎక్కడో దూరం నుంచి కూడా చెప్పగలం.