చావు గురించి కూతురిని అడగవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. కొన్ని నెలలుగా ఎంత ఎండగా ఉన్నా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటోంది. పోయిన వారం అనుకోకుండా ఆమె ముంజేతి మీద వరసగా గాట్లు కనిపించాయి. అడిగితే ఏడ్చి, నాన్నకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. చావు మాట నేనే ఎత్తితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందేమోనని భయంగా ఉంది. మా చెల్లెలేమో, అందరూ తనను చూడాలని చేస్తోంది, పట్టించుకోకు అంటోంది.

జవాబు: అమ్మా, ముందుగా మీ భయం గురించే చెబుతాను, ఎందుకంటే ఈ వారం రోజులూ మీ నోరు కట్టేసింది అదే. చావు గురించి అడిగితే పిల్లల మనసులో ఆ ఆలోచన నాటుకుంటుందా అన్నది పరిశోధకులు పలుమార్లు పరిశీలించిన సంగతి. అలా జరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. పైగా, ఎవరో ఒకరు సూటిగా అడిగినందువల్ల బాధ కొంత తేలికపడినవారు ఉన్నారు. కాబట్టి అడగండి. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని మాత్రం అడగవద్దు, ఆ ప్రశ్నలోనే "లేవు" అన్న జవాబును మీరు అందించేస్తున్నారు. ఇద్దరే ఉన్నప్పుడు, తొందర లేని వేళ చూసుకుని, "ఇంత బాధలో ఉన్నావు, ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా తల్లీ?" అని ఆ మాటే వాడి అడగండి. ఆమె ఎంతసేపు నోరు విప్పకపోయినా కాచుకుని కూర్చోండి. "నీకేం తక్కువ చేశాం" అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. దాన్ని మింగుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా మింగుకోండి.

మీ చెల్లెలి మాటతో నేను ఏకీభవించలేను. నలుగురూ చూడాలని చేసే పిల్ల ఎండల్లో పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఎందుకు దాచుకుంటుంది? తమను తాము గాయపరచుకునే పిల్లల్లో చాలామంది, లోపలి ఉక్కిరిబిక్కిరి భరించలేనప్పుడు ఆ నొప్పి కాసేపు ఊపిరి తీసుకోనిస్తుందని చెబుతారు. మరికొందరు, మొద్దుబారిపోయిన మనసుకు ఏదో ఒకటి తెలియడానికని అంటారు. గాట్లు కనిపించినంత మాత్రాన చావాలనుకుంటోందని అర్థం కాదు. అయినా తేలికగా తీసుకోవద్దు, ఎందుకంటే ఇలా చేసుకునే పిల్లలు తర్వాత ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఇంకెప్పుడూ చేయనని ప్రమాణం చేయించుకోకండి. దానివల్ల చాలాసార్లు గాయాలు ఆగవు, వాటిని దాచే జాగ్రత్త పెరుగుతుంది.

ఇక మీరు వేసిన ఒట్టు. దాన్ని మీరు నిలబెట్టుకోకూడదు, కానీ ఆమె వెనకాల తప్పకూడదు కూడా. "భయంలో మాటిచ్చాను, ఇది మనిద్దరమే మోయగలిగిన బరువు కాదు" అని ముందు ఆమెతోనే చెప్పి, నాన్నకు ఏ మాటల్లో చెప్పాలో, ఆయన కోప్పడితే మీరు ఎలా అడ్డు నిలుస్తారో ఇద్దరూ కలిసి అనుకోండి.

ఆమె జవాబు ఏదైనా సరే, ఇంట్లోని మందులు, పురుగుమందులు, పదునైన వస్తువులు ఆమెకు అందకుండా ఈరోజే తాళంలో పెట్టండి. ప్రాణం తీసుకోవాలన్న ఉద్వేగం చాలామందిలో ఒక ఉధృతిలా వచ్చి కొంతసేపటికి తగ్గుతుంది, ఆ కాసేపు ప్రమాదకరమైనది చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1995 తర్వాత అత్యంత విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించాక, సుమారు 20 ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది.

ఈ వారంలోనే మానసిక వైద్యులకు చూపించండి. డాక్టరు ఆమెతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడతామంటే, మిమ్మల్ని బయటికి పంపారని నొచ్చుకోకండి. ఉద్వేగాన్ని తట్టుకునే పద్ధతులు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఈ వయసు పిల్లల్లో స్వీయహానిని తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలింది, మీకు దగ్గరలో అది తెలిసినవారు ఉన్నారేమో అడగండి. డిప్రెషన్‌కు మందులు రాస్తే, మొదటి కొన్ని వారాలు మరింత కనిపెట్టుకుని ఉండండి, ఎందుకంటే ఆ దశలో కొందరు పిల్లల్లో చావు ఆలోచనలు పెరగవచ్చు. అలా అనిపిస్తే మందు మీ అంతట మీరు ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి.

చచ్చిపోవాలనుందని ఆమె చెప్పినా, ఎలాగో ఆలోచించి పెట్టుకున్నానన్నా, తనకు ఇష్టమైన వస్తువులు పంచిపెడుతూ వీడ్కోలులా మాట్లాడుతున్నా, ఎవరి అపాయింట్‌మెంటు కోసమూ ఆగకండి. ఆ గంటలోనే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి, దారి తోచకపోతే ఆత్మహత్యా నివారణ హెల్ప్‌లైన్‌కు మీరే ఫోన్ చేయండి, డాక్టరు చూసేదాకా ఆమె పక్క నుంచి కదలకండి.