బాక్స్ మార్చే ముందు ఒక్క మాట

బుజ్జీ,

రాణిగంజ్‌లో మడిగె కిరాయికి తీసుకుని కార్ల ఈసీఎంలు, అదే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ బాక్సులు, చెక్ చేసే పని మొదలుపెడుతున్నావని అక్క ఫోన్ చేసింది. చెప్పడం కంటే నన్ను తిట్టడమే ఎక్కువ, నిన్ను చెడగొట్టింది నేనేనట. నాకైతే లోపల గర్వంగానే ఉంది, కానీ టెన్షన్‌తో నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

బ్యాటరీ ముందు చూడాలని నీకు తెలుసు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడితే స్కానర్ చూపించే ఫాల్ట్ కోడ్లు నమ్మకు. ఎర్త్ వైర్లు, ఫ్యూజులు సరే. మూడు నాలుగు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తే బాక్స్ మీద పడిపోకుండా, 5 వోల్టుల లైను మీదున్న సెన్సార్లు ఒక్కొక్కటే పీకి చూడు, ఏదో ఒకటి షార్టయి మిగతావాటినీ ముంచుతూ ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదువు. నేను పని నేర్చుకున్న షెడ్డుకు ఓ ట్యాక్సీ వచ్చింది, ఒక సిలిండర్ మిస్సింగ్, అంటే సరిగ్గా మండట్లేదు. ఉస్తాద్ ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు, చివరికి బాక్స్‌లో ఆ సిలిండర్‌కు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను నడిపే ట్రాన్సిస్టర్ కాలిపోయిందని తేల్చాడు. నిజమే, కాలిపోయింది. సెకండ్‌హ్యాండ్ బాక్స్ ఒకటి తెప్పించి బిగిస్తే బండి చక్కగా పోయింది, అందరం చాయ్ తాగాం. మర్నాడు అదే బండి, అదే సిలిండర్, రెండో బాక్సూ పోయింది. అప్పుడు గానీ ఇంజెక్టర్‌కు మీటర్ పెట్టాలని ఎవరికీ తట్టలేదు! ఆ రకానికి 12 నుంచి 16 ఓమ్‌లు ఉండాలి, అది 2 చూపిస్తోంది. వైండింగ్ షార్టయి కరెంటు ఎక్కువ లాగి, పెట్టిన బాక్సునల్లా కాల్చేస్తోంది. ట్యాక్సీ అన్న గొడవ కూడా పడలేదు, గోడవారన కూర్చుని ఫైనాన్స్ కిస్తీ లెక్క చూసుకుంటున్నాడు, ఉస్తాద్ అతని వైపు చూడలేకపోయాడు. అందుకే, బాక్సును చంపింది ఏదో దొరికేదాకా ఇంకోటి బిగించకు. బిగించావని తెలిస్తే నీ మడిగెకే వచ్చి తిడతా.

నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పకు, ముందు బ్యాటరీ వైరు తీసెయ్. 2020 అక్టోబరు హైదరాబాద్ వరదలప్పుడు ఓనర్లు ఆగలేక సెల్ఫ్ కొట్టి చూసిన బండ్లే మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చాయి.

ఇంకోటి, అసలు భయం ఇదే. చీకటి పడ్డాక ఒట్టి బాక్స్ చేత్తో పట్టుకొచ్చి, తాళం పోయింది, ఇమ్మొబిలైజర్ తీసెయ్యి మేడం అంటారు, అదే అసలు తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు. మంచివాళ్లే కావచ్చు. కానీ ఆర్సీ, అందులో పేరున్న మనిషి, బండి, మూడూ మడిగె ముందుంటేనే చెయ్యి పెట్టు, ఎన్ని పైసలిస్తామన్నా సరే. దొంగబండి కేసులో స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక మీ అమ్మకు లేదు, నాకసలే మోకాళ్ల నొప్పులు.

బోర్డు మీద ఏం పేరు రాయిస్తున్నావో చెప్పు బిడ్డా.

మీ మామ