ఆటలో చేర్చుకుంటే సరిపోదండి, లెక్కలోకి తీసుకోవాలి

మీ బాబుకి ఏడేళ్ళు, పరిగెత్తితే పడిపోతాడు, బంతి పట్టుకోలేడు, అందుకని కింద పిల్లలు ఆటకి రానివ్వట్లేదు అని రాశారు కదండీ. మా పాపదీ అచ్చం ఇదే, ఇప్పుడు తనకి తొమ్మిదేళ్ళు.

మాది విజయవాడలో అపార్ట్‌మెంట్, సాయంత్రం పిల్లలంతా సెల్లార్‌లోనే ఆడతారు. మొదట్లో నేనే "చెల్లిని కూడా ఆడించండమ్మా" అని బతిమాలి పంపేదాన్ని, వాళ్ళూ మంచి పిల్లలే, కాదనకుండా చేర్చుకున్నారు, కాకపోతే ఆటలో అరటిపండుగా. అంటే అవుటైనా అవుట్ కాదు, దొంగ పెట్టక్కర్లేదు. నేను దానికే సంతోషపడ్డాను. ఒకరోజు పైకొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "అమ్మా, నన్ను పట్టుకోవడానికి ఎవరూ రారేంటి?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టర్ కళ్ళు, నరాలు, కండరాలు అన్నీ చూసి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అన్నారు, అంటే కాళ్ళూ చేతులూ అనుకున్నట్టు కలిసి కదలడం పిల్లలకి కష్టమవుతుందన్నమాట. బడికెళ్ళే పిల్లల్లో నూటికి అయిదారుగురికి ఉంటుందట. తెలివికీ దీనికీ సంబంధం లేదు, బద్ధకం అసలే కాదు. మీరూ ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఇదివరకు బాగా చేసిన పనులు కూడా ఇప్పుడు చేయలేకపోతుంటే మాత్రం అస్సలు ఆలస్యం చేయకండి.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు, ఆటలు చేసుకోగలిగేలా సాధన చేయించేవారు) దగ్గరికి వెళ్తే, ఏ ఆట కావాలో పాపనే అడగమన్నారు. ఏడుపెంకులాట అంది. అందులో కొట్టడం, పరిగెత్తడం, పేర్చడం అన్నీ ఉంటాయి కదా, మేం పేర్చడం ఒక్కటే పట్టుకున్నాం. ఇంట్లో మిగిలిన టైల్స్ ముక్కలతో రోజూ పావుగంట. ఏం చేయాలి, ఎలా చేయాలి, చేశాక కుదిరిందా లేదా, ఇవన్నీ తనే పైకి చెప్పుకుంటూ చేయాలి, మనం అందించకూడదు, అదే చాలా కష్టమండి. నాలుగో పెంకు దగ్గర ఎప్పుడూ కూలిపోయేది. వేళ్ళు పక్కకి లాగుతున్నప్పుడు తగులుతున్నాయని వారం తర్వాత తనే కనిపెట్టింది, అప్పటినుంచి పెంకు పెట్టి, ఒక్క క్షణం ఆగి, వేళ్ళు పైకి తీయడం మొదలుపెట్టింది.

అప్పుడు కింద పెద్దపిల్లతో చెప్పాను, పేర్చే పని దీనికివ్వండి, అవుటైతే అవుటే అని. మొన్న "నన్నే గురిపెట్టి కొడుతున్నారమ్మా" అని గొడవ చేస్తూ పైకొచ్చింది. నాకెంత ఆనందమో.

కబడ్డీ, ఖోఖో ఇప్పటికీ కుదరవు, నేనూ బలవంతపెట్టను. బడిలో పీటీ సార్‌తో మాత్రం తప్పకుండా మాట్లాడండి, జట్లు పిల్లల్నే ఎంచుకోమంటే ప్రతిసారీ చివరికి మిగిలేది మన పిల్లలే, చీట్లు వేసి విడదీయమనండి. బంతి విషయానికొస్తే ముందు బెలూన్, అది వచ్చాక స్పాంజి బంతి, రెండు చేతులతో గుండెకి హత్తుకుని పట్టుకోనివ్వండి, టెన్నిస్ బంతికి తొందరేం లేదు. గుంపులోకి పంపే ముందు బాబుకి నచ్చిన ఒక్క పిల్లాణ్ణి ఈ ఆదివారం ఇంటికి పిలవండి, ఇద్దరూ బెలూన్‌తోనే ఆడుకుంటారు.