మోకాలి నొప్పి ఏమైంది?

చిరంజీవికి ఆశీస్సులు.

పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసొచ్చి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో 'దివ్యకాంతి' నాలుగుసార్లు వచ్చింది, 'కుండలిని' రెండుసార్లు. తెల్లవారుజామున నాలుగింటికి కొట్టే గంట మాత్రం ఒక్కసారీ వినపడలేదు. నీకు మోకాళ్లు నొప్పి పుట్టలేదా? పక్కవాడి దగ్గుకి చిరాకు రాలేదా?

నేనూ వెళ్లాను. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా. పెన్నూ కాగితం ఉంచుకోనివ్వరు కదా, మనబోటి వాళ్లకి అసలు టెన్షన్ అది. ఆరో రోజు అరచేతిలో చీమ పాకినట్టయింది. 'ఇదేదో శక్తి' అనుకున్నాను. అంతే, చీమ పోయింది. మిగిలిన గంటంతా దాన్ని మళ్లీ రప్పించుకోవాలని కూర్చున్నాను. ధ్యానం మీద నేను రాసినవాటిలో ఆ పాడైపోయిన గంట గురించిన పేజీ ఒక్కటే ఇప్పటికీ నాకు నచ్చుతుంది.

రమణ మహర్షి సంగతి చూడు. 1896లో మదురైలో, పదహారేళ్ల కుర్రాడికి ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. శవంలా బిగుసుకుని పడుకుని, చచ్చేది ఏమిటో చూసుకున్నాడు. బ్రహ్మం అనే మాట కూడా అప్పటికి ఆయనకి తెలియదు. తిరువణ్ణామలై చేరాక, ఋభుగీత వంటి వేదాంత గ్రంథాలు వింటుంటే, తనకు జరిగినదానికే వాటిలో పేర్లు పెట్టారని తెలిసింది. మన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి మునిది దీనికి తలకిందులు. శాస్త్రాలన్నీ చదివి, ఏళ్ల తరబడి మంత్రజపం చేసి, 1907లో మహర్షి ఉంటున్న విరూపాక్ష గుహకి వెళ్లి ఆయన అడిగింది, తపస్సంటే ఏమిటని! 'నేను' ఎక్కడ నుంచి పుడుతోందో చూడమన్నారు మహర్షి. చదువంతా పక్కన పెట్టి అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో. నాకైతే ఆ ప్రశ్నే ఎక్కువ ఇష్టం.

శాస్త్రాలు చదవద్దనడం లేదు. చదువు. కానీ నీ వ్యాసంలో అవి నీకంటే ముందే వచ్చి కూర్చున్నాయి. ఇంట్లో భక్తులైన పెద్దవాళ్లు చదువుతారని కూడా కొంత సర్దావేమో అనిపించింది. ఏమీ జరగని రోజుంటే ఏమీ జరగలేదనే రాయి.

ఆ రెండు మాటలూ కొట్టేసి, ఏదో ఒక్క పూట తీసుకుని తిరగరాసి పంపు. ఆ దగ్గేవాడు చివరిదాకా ఉన్నాడా, మధ్యలో వెళ్లిపోయాడా?