ఏపుగా పెరిగిన పాలకూర తినవచ్చా?

ప్రశ్న: మురుగునీటి శుద్ధి కేంద్రంలో మిగిలిన బురదను మూడేళ్లుగా పెరటి మడులకు ఎరువుగా వేస్తున్నాము. పాలకూర ఎన్నడూ లేనంత ఏపుగా వస్తోంది. ఆ బురదలో భార లోహాలు ఉంటాయని ఈమధ్యే విన్నాము. మొక్కల్లో ఏ లోపమూ కనిపించనప్పుడు, బాగా కడిగి తింటే సరిపోతుందా?

జవాబు: ఆ ఏపుదనం బురదలోని నత్రజని, భాస్వరాల వల్ల వచ్చినది, లోహాలు లేవనడానికి అది ఆధారం కాదు. జింకు, రాగి, నికెల్ మోతాదు మించితే, తినేవారికి హాని చేసే స్థాయికి చేరకముందే సాధారణంగా మొక్కే పాలిపోయి గిడసబారుతుంది. కాడ్మియం విషయంలో మనకు ఆ హెచ్చరిక అందదు. జింకును పోలి ఉండటం వల్ల, మొక్క జింకును తీసుకునే దారిలోనే అది వేళ్లలోకి చొరబడి, నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో చేరుతుంది; ఆకు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. మన మూత్రపిండాల్లో చేరాక దశాబ్దాలపాటు నిలిచిపోతుంది గనుక, ఈ లోహాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

సీసం తీరు వేరు. అది చాలావరకు మట్టినీ వేళ్లనూ అంటిపెట్టుకుని ఉండిపోతుంది. వాన చినుకులకు ఎగిరి, పాలకూర కాడల మడతల్లో ఇరుక్కున్న మట్టితోనే ఎక్కువగా వంటింటికి వస్తుంది. అందుచేత కడగడం సీసం విషయంలో నిజంగా మేలు చేస్తుంది, దుంపలకైతే చెక్కు తీయడం కూడా అవసరం. ఆకు కణజాలంలో కలిసిపోయిన కాడ్మియం కడిగితే పోదు.

మట్టి పరీక్షలో కాడ్మియంతోపాటు పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) కూడా చూపించండి, ఎందుకంటే మట్టి ఆమ్లత్వం పెరిగేకొద్దీ కాడ్మియం కరిగి వేళ్లకు సులువుగా అందుతుంది. పీహెచ్ 6 కంటే తక్కువగా ఉంటే, పరీక్ష సూచించిన మోతాదులో సున్నం వేసి 6.5 దాటించడం మంచిది. బురద వాడకంపై 1986 నాటి ఐరోపా నిబంధన, పీహెచ్ 6 నుంచి 7 వరకు ఉన్న నేలల్లో కాడ్మియం పరిమితిని కిలో పొడి మట్టికి 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉంచింది. ఆకుకూరల్లో కాడ్మియంకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు.

బురద వేయడం ఇప్పుడే ఆపండి. ఆపినంత మాత్రాన లోహాలు పోవు. సేంద్రియ పదార్థం కుళ్లిపోతుంది గానీ అవి పైమట్టిలోనే మిగులుతాయి. ఆ మడుల్లో బీన్స్, బఠాణీ వేసుకోవచ్చు, గింజల్లోకి కాడ్మియం ఆకుల్లోకంటే తక్కువగా చేరుతుంది. పరీక్ష ఫలితం వచ్చేవరకు అక్కడి పాలకూరను, ముఖ్యంగా పిల్లలకు, పెట్టకండి.