లెక్కపెట్టి వదిలే కారు కోసం ఎదురుచూస్తున్న అల్లుడికి

అల్లుడూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు చేజారినప్పటి నుంచి నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని బాధపడింది. "ఒక కారు కోసం ఇంత దిగులేంటి తమ్ముడూ" అని అడిగింది. నాకు ఆ దిగులు తెలుసు కాబట్టే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను.

ముందు జరిగిందేంటో చూడు. 2025 మేలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ వచ్చింది. మొదటి విడత 150 కార్లే. బుక్ చేసుకోవాలంటే ముందు ఆన్‌లైన్లో క్విజ్ కూడా పెట్టారు. అక్టోబర్‌లో ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చింది, దేశం మొత్తానికి 100. రెండింటికీ ధర చెప్పకముందే బుకింగులు నిండిపోయాయి. జీటీఐ 53 లక్షలనీ, ఆర్‌ఎస్ 49.99 లక్షలనీ ఆ తర్వాతే తెలిసింది. అంటే కార్లు దొరికినవాళ్ళు ధర కోసం ఆగలేదు. డబ్బు సంగతి ఇంట్లో ముందే తేల్చుకుని కూర్చున్నారు. నువ్వు మాత్రం ఆ రోజు "ధర చెప్పనీ మామా, చూద్దాం" అన్నావు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, మళ్ళీ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్తున్నాను.

మళ్ళీ ఏదో ఒకటి వస్తుంది. విదేశంలో తయారైన కార్లను ఇక్కడ హోమోలోగేషన్ పరీక్షలు, అంటే మన నిబంధనలకు సరిపోతాయో లేదో చూసే పరీక్షలు, మళ్ళీ చేయించకుండా ఏడాదికి 2,500 వరకు తెచ్చుకోవడానికి కంపెనీలకు వీలుంది. ఇలాంటి కార్లు చాలావరకు ఆ దారినే వస్తాయి. అమ్ముడుపోతాయో లేదోనని మొదట వందో, నూటయాభయ్యో తెస్తారు. గంటల్లో అయిపోతే వాళ్ళకీ ధైర్యం వస్తుంది. అందుకని ఆ చెన్నై ఆయన ఎవరో తన బుకింగ్ నీకు ఇస్తానని పైన ఏడు లక్షలు అడుగుతున్నాడట, ఆ మాట వదిలెయ్. బుకింగ్ ఆయన పేరు మీద ఉంటుంది, బిల్లూ ఆయన పేరు మీదే వస్తుంది. కాగితాల మీద నువ్వు రెండో ఓనర్‌వి. ఆ ఏడు లక్షలకు రసీదు కూడా ఉండదు.

రసీదు అంటే గుర్తొచ్చింది. మీ తాతయ్య చేతక్ స్కూటర్‌కి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి చూశాడు. ఆ కాలంలో అందరి గతీ అదే. ఆ రసీదుని మడిచి వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టేవాడు. ప్రతి శనివారం పటం తుడిచినప్పుడు తీసి, విప్పి, నంబర్ చూసి, మళ్ళీ అదే మడత మీద మడిచి పెట్టేవాడు. మడతల దగ్గర కాగితం చిరిగిపోతే అమ్మ అన్నం మెతుకుతో అతికించింది. నేను మాత్రం ఆయన్ని చూసి కూడా నేర్చుకోలేదు.

2016లో నేనూ ఒక కారుకి అడ్వాన్స్ కట్టాను. ఊరు, షోరూం పేరు వద్దులే. సేల్స్ కుర్రాడు మంచివాడు, "సార్, లిస్టులో మీరు మూడో వారు" అన్నాడు. నేను నమ్మాను. చేతిరాత రసీదు ఒకటి ఇచ్చాడు, అందులో మోడల్ పేరు లేదు, రంగు లేదు. ఐదు నెలలు వారానికోసారి ఫోన్ చేశాను. ఆ తర్వాత కుర్రాడు ఉద్యోగం మానేశాడు. కొత్తగా వచ్చినాయన కంప్యూటర్లో వెతికి, "మీ పేరు కంపెనీ సిస్టంలో ఎక్కించలేదు సార్" అన్నాడు. ఆ రోజు షోరూం బయట మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. డబ్బు తిరిగి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అందుకే 2020 మార్చిలో అప్పటి ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 బుకింగ్ తెరిచినప్పుడు నేను ఎవరి మాటా పట్టించుకోలేదు. దేశానికి 200 కార్లు. లక్ష కట్టి, కంపెనీ నుంచి నా పేరు మీద బుకింగ్ నంబర్ మెయిల్‌లో వచ్చేదాకా నిద్రపోలేదు. నువ్వూ అదే చెయ్. డీలర్ నోటి లెక్క మీద ఉండకు. నంబర్, మోడల్, రంగు, కట్టిన మొత్తం, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుంది, డెలివరీ నాటికి ధర పెరిగితే ఎవరు భరిస్తారు, ఇవన్నీ మెయిల్‌లోనే అడుగు, మెయిల్‌లోనే జవాబు తీసుకో. ఫోన్లో చెప్తే, "మీరు ఇలా చెప్పారు కదా" అని నువ్వే మెయిల్ రాసి పెట్టు. కార్లు యూరోల్లో కొని తెస్తారు కాబట్టి ధర సంగతి ముఖ్యం.

డబ్బు గురించి రెండు మాటలు. యాభై లక్షల కారు లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఇంటికి వచ్చేసరికి అరవై లక్షల దగ్గరికి పోతుంది. షోరూం వాళ్ళు ఆదాయపన్ను కింద ముందే ఒక శాతం పట్టుకుంటారు, దాన్నే టీసీఎస్ అంటారు, అది రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది, కంగారు పడకు. లోన్ తీసుకుంటే బ్యాంకు ఇచ్చే మంజూరు కాగితానికి, అదే శాంక్షన్ లెటర్‌కి, గడువు ఉంటుంది. మరీ ముందే తీసుకుంటే కారు వచ్చేలోపు అది కాస్తా మురిగిపోతుంది. చీటీ డబ్బు నమ్ముకుని మాత్రం దిగొద్దు. మా తోతాపురి మామిడికాయల డబ్బు గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు చేతికొస్తుందో చూసినవాణ్ణి, అందుకే చెప్తున్నాను.

బుకింగ్ అయ్యాక టెన్షన్ మొదలవుతుంది. నాకు బుక్ చేసిన నెలలోనే లాక్‌డౌన్ పడింది. ఓడ ఎక్కడుందో, పోర్టులో ఎవరున్నారో ఎవరూ చెప్పలేరు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ నుంచి వచ్చే చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చాయి, దాంతో అదనంగా పది, పదిహేను రోజులు పట్టేది. ఆ తర్వాత కస్టమ్స్, యార్డు. షోరూం కుర్రాడిని రోజూ సతాయిస్తే ఓడ త్వరగా రాదు. పదిహేను రోజులకొక మెయిల్ చాలు, మర్యాదగా రాయి. కారు నీ చేతికిచ్చేది చివరికి ఆ కుర్రాడే.

ఇక అసలు సంగతి, డెలివరీ రోజు. మీ అమ్మ ముహూర్తం చూస్తుంది. నాకు ఉదయం 9 గంటల 10 నిమిషాలకు ముహూర్తమని నేనూ హడావిడి పడ్డాను. షోరూం వాళ్ళు కారు మీద ఎర్ర గుడ్డ కప్పి, రిబ్బన్ కట్టి, లైట్లు వేసి పెట్టారు. ఆ లైట్ల కింద ఏ కారైనా అద్దంలా కనిపిస్తుంది. ఫొటోలు తీసుకుని బయటికొచ్చాక ఎండలో చూస్తే కుడివైపు వెనక తలుపు మీద, హ్యాండిల్ కింద, వేలెడంత మేర రంగు తేడా. ఎక్కడో తగిలితే పాలిష్ పట్టారు. అప్పటికే సంతకాలు అయిపోయాయి.

నువ్వు ముహూర్తానికి రెండు రోజుల ముందే వెళ్ళు. రిజిస్ట్రేషన్ అవ్వకముందే కారు చూస్తానని చెప్పు. ఎండలోకి తీయించు, నీళ్ళు పోసి కడిగించు. తర్వాత నీడలో ఫోన్ టార్చ్ వేసి తలుపులకు పక్కగా, ఏటవాలుగా వెలుగు పట్టు. నేరుగా వేస్తే గీతలు దాక్కుంటాయి. టైర్ పక్కన చిన్న కోడిగుడ్డు ఆకారంలో గడి ఉంటుంది, అందులో నాలుగంకెలు. 2225 అని ఉంటే 2025లో 22వ వారం టైర్ అని. నాలుగూ చూడు, ఒకటి వేరేగా ఉంటే ఎందుకో అడుగు. యార్డులో నెలల తరబడి కదలకుండా నిలబడిన కారుకి టైర్లు కింద కాస్త చదునవుతాయి, బ్యాటరీ కూడా నీరసిస్తుంది. ఒక కిలోమీటరు నడిపితే స్టీరింగ్‌లో తెలుస్తుంది. ఫారం 21లో తయారైన నెల, ఛాసిస్ నంబర్ చూసి, కారు మీద ఉన్న నంబర్‌తో అక్షరం అక్షరం సరిపోల్చు. చెన్నైలో కొన్నా బెంగళూరులో కొన్నా తాత్కాలిక నంబర్‌తో తెచ్చి, మన తిరుపతిలోనే రిజిస్టర్ చేయించు.

పూజ కాణిపాకంలోనే చేయిద్దాం, నేనే దగ్గరుండి చేయిస్తాను. కొండకు మాత్రం మొదటి వారంలోనే తీసుకెళ్ళకు. మొదటి 1,500 కిలోమీటర్లు ఇంజిన్ సర్దుకునే కాలం, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కకూడదు. తర్వాత వెళ్ళినా తొందర వద్దు. ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల లెక్క ఉంది, అంతకన్నా ముందే దిగితే ఆపుతారు. ఆ కారు సత్తా చూసుకునే చోటు అది కాదు. పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ చూడు. 95 ఆక్టేన్ అని ఉంటే, ఆ అంకెకు తగ్గని పెట్రోలే పోయించు, అది దొరికే బంకులు ఇప్పుడే రాసిపెట్టుకో. ఇథనాల్ ఎంతవరకు పడుతుందో కూడా అక్కడే ఉంటుంది.

ఇన్సూరెన్స్‌లో విడిభాగాల ఖర్చులో పాతదని కోత పెట్టని జీరో డెప్, కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ రెండూ తీసుకో. ఇలాంటి కారుకి బంపర్ విరిగినా బయటి నుంచి రావాలి.

ఈ లోపు మీ అమ్మతో కూర్చుని మంచిగా మాట్లాడి అన్నం తిను. కొత్త బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో తెలిసిన రోజు ఫోన్ చెయ్. కారు వచ్చిన రోజు నా పెద్ద టార్చ్ తీసుకుని పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను, తలుపులు నేను చూస్తాను, టైర్లు నువ్వు చూడు.

నీ మేనమామ,
చిత్తూరు