ప్రాసిక్యూటర్లకు సహకరించిన తర్వాత శిక్షపై అప్పీలు చేయవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటాడు. ఫెడరల్ కోర్టులో ఒక ఆర్థిక మోసం కేసులో నేరం ఒప్పుకొని, మిగతా నిందితుల గురించి తనకు తెలిసిందంతా ప్రాసిక్యూటర్లకు చెప్పాడు. వాళ్ల విచారణ ఇంకా మొదలుకాలేదు. మా వాడికి మాత్రం రెండు నెలల్లో శిక్ష ఖరారు చేస్తారట. అనుకున్నంత తగ్గకపోతే అప్పీలు చేయవచ్చా? ఆ హక్కు వదులుకున్నట్టు ఒప్పందంలో సంతకం పెట్టాడట. మన దగ్గర అప్రూవర్‌ను వదిలేస్తారు కదా, అక్కడ శిక్ష ఎందుకు? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మన అప్రూవర్‌కూ, అక్కడ సహకరించే నిందితుడికీ మొదట్లోనే తేడా ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 343వ సెక్షన్ కింద కోర్టు క్షమాభిక్ష ఇస్తే అప్రూవర్ నిందితుల బోను దిగి సాక్షుల బోను ఎక్కుతాడు. ఏదీ దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పినంతవరకు ఆ నేరానికి అతనికి శిక్ష ఉండదు. మీ తమ్ముడు మాత్రం నేరం ఒప్పుకొన్న దోషిగా ఉంటూనే సాయం చేశారు. ఆ సాయం గణనీయమైనదంటూ తగ్గింపు ఇవ్వమని ప్రాసిక్యూటర్లు కోర్టును కోరితే, శిక్షా మార్గదర్శకాల్లోని 5కె1.1 నిబంధన ప్రకారం శిక్ష తగ్గవచ్చు. ఎంత తగ్గించాలన్నది జడ్జి నిర్ణయం.

తగ్గింపు చాలలేదన్నది ఒక్కటే కారణమైతే అప్పీలుకు వెళ్లవద్దనే నా సలహా. తెలిసి, ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటే ఆ షరతు సాధారణంగా చెల్లుతుంది. న్యూజెర్సీ కేసులు వెళ్లే మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఘోరమైన అన్యాయం జరుగుతుందనిపించిన అరుదైన సందర్భాల్లో తప్ప దాన్ని పక్కన పెట్టదు. ఆ కోర్టే 2014లో ఇచ్చిన ఒక తీర్పును మీరు తప్పక తెలుసుకోవాలి. అందులో నిందితుడు మీ తమ్ముడిలాగే సహకరించి, ప్రాసిక్యూటర్ల సిఫారసుతో తగ్గింపు పొంది, ఆ తర్వాత ఇచ్చిన మాట దాటి అప్పీలు చేశాడు. కోర్టు అతని వాదనను తోసిపుచ్చడంతో సరిపెట్టలేదు. ఒప్పందాన్ని అతనే ఉల్లంఘించాడు గనుక ప్రభుత్వం కూడా తగ్గింపు కోరనక్కర్లేదంటూ శిక్షను రద్దు చేసి, మళ్లీ మొదటి నుంచి ఖరారు చేయమని కింది కోర్టుకు పంపింది. ఇంకొంత తగ్గుతుందని వెళ్లినవాడికి తగ్గినది కూడా దక్కుతుందో లేదో తెలియని స్థితి వచ్చింది.

మాట తప్పింది ప్రభుత్వమైతే సంగతి వేరు. ఏ హామీని నమ్మి నేరం ఒప్పుకొన్నారో ఆ హామీని ప్రాసిక్యూటర్లు నిలబెట్టుకోవలసిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1971లోనే శాంటోబెల్లో కేసులో చెప్పింది. కాబట్టి తగ్గింపు కోరతామని ఒప్పందంలో కచ్చితంగా రాశారా, కోరడం మానడం తమ ఇష్టమని రాశారా అన్నది అక్షరం అక్షరం చూడాలి. తమ ఇష్టమని రాసుకొని ఉంటే, 1992 నాటి వేడ్ తీర్పు ప్రకారం, జాతి, మతం వంటి రాజ్యాంగ విరుద్ధమైన కారణంతోనో, ప్రభుత్వానికి ఉండదగిన ఏ ప్రయోజనంతోనూ పొంతన లేకుండానో నిరాకరించారని గట్టిగా చూపగలిగితే కోర్టు కలగజేసుకుంటుంది. ఉల్లంఘన జరిగిందనిపిస్తే లాయరు శిక్ష ఖరారు చేసే రోజునే లేచి అభ్యంతరం చెప్పాలి. అప్పుడు ఊరుకొని అప్పీలులో ఆ వాదన ఎత్తుకుంటే నెగ్గడం చాలా కష్టమని 2009 నాటి పకెట్ తీర్పు వల్ల తెలుస్తుంది.

ఇక గడువు. కింది కోర్టు వేసిన శిక్షపై మన హైకోర్టుకు వెళ్లడానికి సాధారణంగా 60 రోజులు ఉంటాయి. అక్కడ తీర్పు రికార్డులో నమోదైన నాటి నుంచి 14 రోజులే. తగిన కారణం చూపితే మరో 30 రోజుల వరకు పెంచే అధికారం కోర్టుకు ఉన్నా, దాన్ని నమ్ముకోకూడదు. అప్పీలు చేయాలా వద్దా అన్న నిర్ణయం లాయరుది కాదు, మీది కాదు, మీ తమ్ముడిది. ఆయన స్పష్టంగా చేయమన్నాక కూడా, హక్కు వదులుకున్నారు కదా అని లాయరు అప్పీలు నోటీసు వేయకపోతే అది లాయరు లోపమేనని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఆయన తన నిర్ణయాన్ని రాతపూర్వకంగా లాయరుకు ఇవ్వాలి.

అప్పీలుకన్నా నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది మరొక దారి. మిగతా నిందితుల విచారణ ఇంకా మొదలుకాలేదన్నారు. శిక్ష పడిన తర్వాత మీ తమ్ముడు సాక్ష్యం చెప్పి గణనీయంగా తోడ్పడితే, ఫెడరల్ క్రిమినల్ నిబంధన 35(బి) కింద ఏడాదిలోపు ప్రాసిక్యూటర్లు కోరినప్పుడు జడ్జి శిక్షను మరింత తగ్గించవచ్చు. కోరవలసింది వాళ్లే గనుక, ఒకవైపు ఒప్పందం దాటి అప్పీలు వేస్తూ మరోవైపు ఈ సాయం ఆశించడం ఎంత కష్టమో ఆలోచించండి.

చట్టం సంగతి అలా ఉంచి, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆయన క్షేమం. ఫెడరల్ జైళ్ల నుంచి ఖైదీలు చేసే ఫోన్లు, లాయరుతో మాట్లాడేవి తప్ప, రికార్డవుతాయి. చుట్టుపక్కల వినేవాళ్లూ ఉంటారు. ప్రాసిక్యూటర్లకు సహకరించాడన్న సంగతి తోటి ఖైదీలకు తెలిస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆయన జైల్లో ఉంటే ఆ విషయం ఫోన్లో ఎత్తకండి. ఒప్పందం ప్రతిని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. ఒకవేళ అప్పీలు వేయవలసి వస్తే, సహకారం ప్రస్తావన ఉన్న పత్రాలను సీలు చేయమని కోర్టును కోరాలని లాయరుకు ముందే చెప్పించండి.